అరకిలో చొప్పున ఎన్ని పొట్లాలు? లెక్కల టీచరుకు ఏం తెలియాలన్న చర్చ వెనక కథ

విశాఖలో సముద్రం ఒడ్డునున్న ఓ బడిలో, ఆరో తరగతి గదిలో, వెనక బల్ల మీద కూర్చుని లెక్కల పాఠం విన్నాను. ఒకటీ ముప్పావును అరతో భాగించాలి. మాస్టారు బోర్డు మీద చకచకా చేసి చూపించారు. మిశ్రమ భిన్నాన్ని అపక్రమ భిన్నంగా మార్చారు. రెండో భిన్నాన్ని తిరగేశారు. గుణిస్తే మూడున్నర వచ్చింది. పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు, గంట కొట్టారు.

బయటికి వచ్చాక ఓ పాపను అడిగాను. వాళ్లమ్మ చేపలు అమ్ముతుంది. "ఒకటీ ముప్పావు కిలో రొయ్యలున్నాయమ్మా, అరకిలో చొప్పున పొట్లాలు కడితే ఎన్నవుతాయి?"

"మూడు పొట్లాలు, ఇంకో సగం" అంది, ఆలోచించకుండానే.

ఇందాక బోర్డు మీద చేసిన లెక్క ఇదేనని చెప్పాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మరైతే తిరగెయ్యడమేటి?" అని అడిగింది.

ఆ పాప ప్రశ్నకు జవాబు ఉంది. కిలోలో అరకిలోలు రెండు. కాబట్టి ఎన్ని కిలోలుంటే దానికి రెట్టింపు పొట్లాలు. అరతో భాగించడమంటే రెండుతో గుణించడమేనని అక్కడే తేలిపోతుంది. తిరగెయ్యమన్న సూత్రం అందులోంచి పుట్టిందే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ఈ సూత్రాన్ని తన గణిత గ్రంథంలో రాశాడు. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఇంత కాలంగా మన దగ్గరున్న సూత్రమే అయినా, ఎందుకు తిరగేస్తామో చెప్పగలిగే టీచర్లు ఎంతమంది అన్నది నన్ను చాలా కాలంగా వేధిస్తున్న ప్రశ్న. దీని మీద ప్రపంచంలో యాభై ఏళ్లకు పైగా చర్చ నడుస్తోంది.

1957లో రష్యా స్పుత్నిక్‌ను పంపాక అమెరికాలో బడి లెక్కల పుస్తకాలన్నీ తిరగరాయాలని పూనుకున్నారు. 1958లో మొదలైన ఆ పనికి ఎడ్వర్డ్ బెగల్ అనే గణితవేత్త నాయకుడు. టీచరుకు గణితం ఎంత ఎక్కువ తెలిస్తే పిల్లలకు అంత బాగా వస్తుందని అప్పట్లో అందరిలాగే ఆయనా అనుకున్నాడు. 1972లో ఆల్జీబ్రా చెప్పే టీచర్లకు పరీక్ష పెట్టి, వాళ్ల మార్కులను పిల్లల మార్కులతో పోల్చి చూస్తే సంబంధం చాలా బలహీనంగా తేలింది. తర్వాత 1994లో డేవిడ్ మాంక్ అనే పరిశోధకుడు ఇంకో కోణం చూపించాడు. హైస్కూలు టీచరు కాలేజీలో చదివిన గణితం కోర్సులు పిల్లలకు ఉపయోగపడ్డాయి గానీ, దాదాపు అయిదు కోర్సులు దాటాక అదనపు లాభం పెద్దగా లేదు.

దీన్నిబట్టి టీచరుకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదనుకుంటే తప్పు. తెలియాల్సింది ఏ లెక్కలన్నదే అసలు సంగతి. 1986లో లీ షుల్మన్ అనే విద్యా పరిశోధకుడు దాన్ని విడమరిచి చెప్పాడు. విషయ జ్ఞానం ఒకటి, బోధనా పద్ధతులు మరొకటి. ఈ రెండూ కలిసిన చోట మూడో జ్ఞానం ఒకటి ఉంటుందన్నాడు. ఏ ఉదాహరణ పిల్లవాడికి అందుతుంది, ఎక్కడ తడబడతాడు, ఆ తడబాటు వెనక ఏ ఆలోచన ఉంది అన్నవి తెలియడం. సముద్రం ఒడ్డు బడిలో రొయ్యల పొట్లాలు గుర్తుకు రావడం కూడా ఆ జ్ఞానమే.

అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక టీచర్లను సరిగ్గా ఈ ఒకటీ ముప్పావు లెక్కే అడిగితే ఏం తేలిందో లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో వచ్చిన తన పుస్తకంలో రాసింది. అమెరికా టీచర్లలో సగం మంది కూడా జవాబు పూర్తిగా సరిగ్గా చేయలేకపోయారు. ఈ లెక్కకు తగ్గ కథ చెప్పమంటే సరిగ్గా చెప్పింది ఒక్కరే. ఎక్కువమంది అరతో భాగించడాన్ని రెండు భాగాలు చేయడమనుకున్నారు. చైనా టీచర్లంతా సరిగ్గా చేశారు, చాలామంది తగ్గ కథలూ చెప్పారు, కొందరైతే ఒకటికి మించి చెప్పారు. వాళ్లలో చాలామందికి డిగ్రీలు లేవు. తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల ట్రైనింగ్, అంతే. అయితే ఉద్యోగంలో చేరాక తోటి టీచర్లతో కూర్చుని పాఠ్యపుస్తకాన్ని పంక్తి పంక్తీ చదవడం వాళ్లకు అలవాటు.

ఈ తికమకకు తెలుగులో ఓ కారణం కూడా ఉందని నాకనిపిస్తుంది. 'భాగహారం' అన్న మాటలోనే భాగం ఉంది. ఆ మాట వినగానే పంచడమే తడుతుంది. ఆరు లడ్డూలను ముగ్గురికి పంచితే కళ్లకు కడుతుంది, అరమనిషికి పంచమంటే ఎలా? కానీ మనకు 'చొప్పున' అనే చక్కని మాట ఉంది. అరకిలో చొప్పున, పావులీటరు చొప్పున అంటే చాలు, చిక్కు విడిపోతుంది. ఈ ఒక్క మాట విలువ తెలిసిన టీచరు పాఠం వేరుగా ఉంటుంది.

2005లో హెదర్ హిల్, బ్రయన్ రోవన్, డెబొరా బాల్ అమెరికాలో ఒకటి, మూడు తరగతుల టీచర్లను పరిశీలించారు. బోధనకు కావాల్సిన గణితం ఎక్కువ తెలిసిన టీచర్ల దగ్గర పిల్లలు ఎక్కువ ముందుకెళ్లారు. ఒకటో తరగతిలో కూడా! చిన్న క్లాసులకు ఎవరైతేనేం అనే మాట మన ఊళ్లలో ఎంత మామూలో తలుచుకుంటే ఈ ఫలితం బరువు తెలుస్తుంది. 2010లో జర్మనీలో యూర్గెన్ బౌమెర్ట్ బృందం పదో తరగతిలో చూసినప్పుడూ పిల్లల ప్రగతిని ఎక్కువగా నిర్ణయించింది ఆ మూడో జ్ఞానమే. విషయ జ్ఞానం లేకుండా అది రాదని కూడా వాళ్లే చెప్పారు.

మరి విశాఖ సంగతేమిటి?

ఈ ఊరికి పెద్ద గణితం కొత్త కాదు. సి.వి.రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పడానికి వచ్చాడు. రామన్ పదకొండో ఏట మెట్రిక్ పాసైంది ఈ ఊళ్లోనే. 1930ల్లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితవేత్త సర్వదమన్ చావ్లా పాఠాలు చెప్పాడు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితంలో ఎం.ఏ. చేసింది అక్కడే. కానీ పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పేవాళ్లు తయారైన దారి వేరు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత దేశమంతా జిల్లాకో డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ) పెట్టారు, విశాఖ జిల్లా డైట్ భీమిలిలో ఉంది. పెద్ద గణితం వాల్తేరు కొండ మీద, బోధనా పద్ధతులు పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరాన భీమిలి ఒడ్డున. షుల్మన్ చెప్పిన మూడో జ్ఞానానికి ఈ దారిలో ఎక్కడా ఇల్లు కట్టలేదు.

బడులు పెరుగుతున్న కొద్దీ టీచర్లు చాలలేదు. 1980ల్లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను తీసుకున్నారు, ఆ అంకె ఉపాధ్యాయ సంఘాల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. అంతంత తక్కువ జీతాలతో పని చేయించుకుని, లోతైన చదువు వాళ్ల నుంచి ఆశించడం న్యాయమా అని అడగాలనిపిస్తుంది. 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో చేసిన అధ్యయనాల్లో, ట్రైనింగ్ లేని కాంట్రాక్టు టీచర్ల దగ్గర పిల్లలు రెగ్యులర్ టీచర్ల దగ్గరి పిల్లల కంటే తక్కువేమీ నేర్చుకోలేదని తేలింది. దాన్ని ట్రైనింగ్ దండగ అనడానికి వాడుకున్నవాళ్లున్నారు. నేను మాత్రం ఆ ట్రైనింగులో ఏం నేర్పుతున్నామని అడుగుతాను.

ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని సబ్జెక్టులూ చెప్పాలి. ఆ ఉద్యోగానికి కావాల్సిన శిక్షణ కోర్సు డి.ఎడ్.కు ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. బైపీసీ, సీఈసీ చదివి వచ్చినవాళ్లు లెక్కలు చివరగా చదివింది పదో తరగతిలో. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక టీచర్ల అర్హత పరీక్ష టెట్ వచ్చింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతుల టీచరు పోస్టులకు బి.ఎడ్. అర్హత కాదంది. చిన్నపిల్లలకు చెప్పడానికి ప్రత్యేకమైన శిక్షణ కావాలన్నదే ఆ తీర్పు సారం. టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీని 2025లో మెగా డీఎస్సీగా పెట్టి 16,347 పోస్టులు ప్రకటించారు. ఎస్జీటీకి డీఎస్సీ 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. ఆ 80లో లెక్కలది చిన్న వాటా, అదీ బిట్ల రూపంలో. ఒకటీ ముప్పావును అరతో భాగిస్తే ఎంత అని నాలుగు జవాబులిచ్చి అడగొచ్చు. ఆ లెక్కకు కథ చెప్పగలరా, పిల్లవాడు తప్పు చేస్తే ఎందుకు చేశాడో పట్టుకోగలరా అన్నది బిట్టులో ఇమడదు. ఈ తయారీలో ఏళ్లు గడిపే కుర్రాళ్లను చూస్తే జాలేస్తుంది. వాళ్లు బద్ధకస్తులు కారు, పరీక్ష అడిగిందే చదువుతారు.

దీని ఫలితం పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేల్లో కనిపిస్తూనే ఉంది. దేశంలో పల్లె ప్రాంతాల అయిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగేవాళ్లు మూడో వంతు కూడా లేరు.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే ఓ కాంప్లెక్స్ సమావేశం గురించి చెప్పి ఆపుతాను. మామూలుగా వాటిలో సర్క్యులర్లు చదువుతారు, యాప్‌లలో ఏ వివరాలు ఎక్కించాలో మాట్లాడుకుంటారు. ఆ రోజు ఓ ఎస్జీటీ మేడమ్ రెండో తరగతి నోటుపుస్తకాలు పట్టుకొచ్చింది. 52లోంచి 27 తీసేస్తే 35 అని చాలామంది పిల్లలు వేశారు. "అజాగ్రత్త మేడమ్, ఇంట్లో చదివించేవాళ్లు లేరు" అన్నారొకరు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కాదు మాస్టారూ. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని ఒకటో తరగతిలో మనమే చెప్పాం కదా. అయిదులోంచి రెండు తీశారు, ఏడులోంచి రెండు తీశారు. చెప్పిన మాట విన్నారు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ సంచిలోంచి చీపురు పుల్లలు తీసింది, పది పుల్లలకో కట్ట చొప్పున అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. ఒక కట్టకు రబ్బరు బ్యాండు తీసి పుల్లలు బల్ల మీద పరిచి, "ఇప్పుడు విడి పుల్లలెన్ని?" అని అడిగింది. ముప్పై ఏళ్ల సర్వీసున్న మాస్టారొకరు కుర్చీ దగ్గరికి లాక్కుని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.