ఊరి చివర సూపర్‌స్టోరుకు బస్సు

చిరంజీవులు పిల్లలకు,

మీ ఇంగ్లండులో పెద్ద సూపర్‌స్టోర్లు ఊరి చివర ఎందుకుంటాయని అడిగారు. చెప్తాను. కారు లేనివాళ్ళు అక్కడికి ఎలా వెళ్ళేవారన్నది కూడా తెలుసుకోవాలి మీరు.

1964లో నాటింగ్‌హామ్ పక్కన వెస్ట్ బ్రిడ్జ్‌ఫర్డ్‌లో జెమ్ అనే అమెరికా కంపెనీ అన్నీ ఒకేచోట దొరికే పెద్ద స్టోరు తెరిచింది. తర్వాత అది అస్డా అనే బ్రిటిష్ సూపర్‌మార్కెట్ కంపెనీ చేతికి వచ్చింది. 1967లో లెస్టర్ దగ్గర ఓడ్బీలో వూల్‌కో, 1972లో వేల్స్‌లోని కేర్‌ఫిలీలో ఫ్రెంచి వాళ్ళ కార్ఫూర్ అనే అలాంటి స్టోర్లే వచ్చాయి. అంతకుముందు చాలా వస్తువులను తయారుచేసినవాడు చెప్పిన ధరకే కొట్టువాడు అమ్మాలి. 1964లో వచ్చిన చట్టం ఆ కట్టుబాటును చాలావరకు తీసేసింది. ధర తగ్గించి అమ్మినా లాభం రావాలంటే సరుకు బాగా కదలాలి. దానికి పెద్ద జాగా, కార్లు పెట్టుకునే చోటు కావాలి. ఊరి మధ్యలో అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది?

కానీ 1971 నాటికి కూడా బ్రిటన్‌లో దాదాపు సగం ఇళ్ళకు కారు లేదు. ఉన్న ఇంట్లోనూ పొద్దున్నే అది మగాయనతో పనికి వెళ్ళిపోయేది. 1970ల నడుమ ఆడవాళ్ళలో పదిమందికి ముగ్గురి దగ్గరే లైసెన్సు ఉండేది. ఇంటికి సరుకులు తెచ్చేది ఎక్కువగా ఆ ఆడవాళ్ళే. చవక ధరలు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే ఆ స్టోరు దూరమైపోయింది. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

బస్సు రూట్లన్నీ పేటల నుంచి ఊరి నడిబొడ్డుకే వెళ్ళేవి. కాబట్టి ఊరి అంచున ఒక పేట నుంచి ఇంకో అంచున ఉన్న స్టోరుకు పోవాలంటే, ముందు సెంటర్‌కు వెళ్ళి అక్కడ ఇంకో బస్సు పట్టుకోవాలి. వచ్చేటప్పుడు మళ్ళీ అంతే, ఈసారి చేతిలో సంచులతో.

ఆ బస్సుల సంగతి కూడా చెప్పాలి. పాత డబుల్ డెక్కర్లకు వెనక తలుపులేని ఎక్కుడు మెట్టు, పై అంతస్తుకు వెళ్ళే మెట్ల కింద చిన్న సందు ఉండేవి. కండక్టరు పిల్లల తోపుడుబండి అందుకుని, మడిచి, సంచులతో పాటు ఆ సందులో పెట్టేవాడు. 1966 నుంచి డబుల్ డెక్కర్లను కూడా కండక్టరు లేకుండా నడపనిచ్చారు. బస్సు కంపెనీలకు జీతాల ఖర్చు తగ్గింది. తల్లి మాత్రం ఒక చంకలో బిడ్డ, ఇంకో చేత్తో మడిచిన బండి, వేళ్ళు కోసుకుపోయే సంచులు పట్టుకుని ఎత్తు మెట్లెక్కి, డ్రైవరుకు చిల్లర ఇవ్వాలి. సరుకుల మోత పెరిగిన రోజుల్లోనే చెయ్యి అందించే మనిషి లేకుండా పోయాడు.

కొన్ని స్టోర్లు తమ ఖర్చుతోనే ఉచిత బస్సులు నడిపాయి. మంచి పనే, కాకపోతే అది స్టోరువాళ్ళ ఇష్టం. లాభం లేదనుకుంటే ఆపేస్తారు. 1986 అక్టోబరు 26న లండన్ తప్ప మిగతా బ్రిటన్‌లో ఏ రూట్లో ఎవరు బస్సు నడపాలో అధికారులు అనుమతిచ్చే పాత లైసెన్సు పద్ధతి ఎత్తేశారు. ఆ తర్వాత గిట్టుబాటయ్యే రూట్లను కంపెనీలే ఎంచుకున్నాయి. గిట్టని వాటిలో అవసరమనుకున్న వాటికి స్థానిక ప్రభుత్వాలైన కౌన్సిళ్ళు టెండరు పిలిచి డబ్బు కట్టాలి.

ఈసారి అమ్మతో సూపర్‌స్టోరుకు వెళ్ళినప్పుడు బస్ స్టాపు తలుపు దగ్గరుందో, కార్ పార్కు అవతల రోడ్డు మీదుందో చూడండి. అక్కడి నుంచి ఒక బరువైన సంచి మోసుకుంటూ నడిచి చూసి, ఎలా ఉందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య