విశ్వవిద్యాలయంలో సమన్యాయంపై సంభాషణలు: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయంలో సమన్యాయం గురించి, అందరినీ కలుపుకొనిపోవడం గురించి విద్యార్థుల మధ్య, అధ్యాపకుల మధ్య చర్చలు నిర్వహించడం నా వృత్తి. పుట్టుక, లింగం, వైకల్యం, భాష, ఆర్థిక స్థితి వంటి విషయాలు మాట్లాడడానికి ధైర్యం ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. దానికంటే ముందు కావలసింది సరైన ఏర్పాటు అని ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైంది. ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరైనా మాట జారితే ఏం చేయాలి, విన్నదాని మీద ఎవరు చర్య తీసుకుంటారు అన్నవి ముందే తేల్చుకోకపోతే, చర్చ భారమంతా అప్పటికే వివక్షను భరిస్తున్నవారి మీదనే పడుతుంది.

అపోహ: ఇలాంటి విషయాలు కదిలిస్తే లేని గొడవలు పుట్టుకొస్తాయి.

వాస్తవం: ప్రాజెక్టుకు జట్లు కట్టుకోమన్నప్పుడు ప్రతిసారీ చివరికి మిగిలిపోయేది ఎవరో, ప్రయోగశాలలో పరికరం ఎవరి చేతిలో ఉంటుందో, నోట్సు రాసే పని ఎవరికి పడుతుందో ఒక్క నెల గమనిస్తే, గొడవకు కారణాలు ఎంత కాలంగా అక్కడ ఉన్నాయో తెలుస్తుంది. అయితే ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. ఏదో ఘటన జరిగి అందరూ ఉద్రేకంలో ఉన్న మరునాడే, హాలు నిండా జనాన్ని చేర్చి మైకు అందిస్తే పరిస్థితి నిజంగానే చేయి దాటిపోతుంది. అందుకే ముందు చిన్న బృందాలతో విడివిడిగా మాట్లాడి, ఆ తరువాతే అందరినీ కలుపుతాను.

అపోహ: భిన్న నేపథ్యాలవారిని ఒకచోట కూర్చోబెడితే దూరాలు వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ విషయాన్ని లోతుగా పరిశీలించారు. కలిసినవారికి సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైఅధికారుల మద్దతు ఉన్నప్పుడు ఆ పరిచయం దురభిప్రాయాలను బాగా తగ్గిస్తుందని ఆయన చెప్పారు. మనస్తత్వవేత్తలు థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 500కు పైగా అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ షరతులన్నీ లేకపోయినా పరిచయం వల్ల సాధారణంగా మేలే జరుగుతుంది. అవి ఉన్నచోట ఆ మేలు ఇంకా ఎక్కువ. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన సమూహాంతర సంభాషణల (వేర్వేరు వర్గాలవారు కలిసి మాట్లాడుకునే) కార్యక్రమం కూడా విడి ఉపన్యాసం వంటిది కాదు. అక్కడ శిక్షణ పొందిన సమన్వయకర్తల ఆధ్వర్యంలో చిన్న బృందాలు వారాల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తాయి. ఒక పూట సదస్సు పెట్టి మార్పు రాలేదని నిరాశపడేవారికి నేను మొదట చెప్పేది ఈ వ్యవధి గురించే.

అపోహ: అనుభవించినవారే నోరు విప్పి చెప్పాలి, అప్పుడే మిగతావారికి తెలుస్తుంది.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం. వైకల్యం గల విద్యార్థుల సదుపాయాల మీద చర్చ జరుగుతున్న ఒక రోజు, ఒక అధ్యాపకుడు సద్భావంతోనే, చూపు తక్కువగా ఉన్న విద్యార్థిని వైపు తిరిగి, "నీ ఇబ్బందులేమిటో చెప్పమ్మా" అన్నారు. గదిలోని వారందరూ ఆమెనే చూశారు. ఆమె కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. "ఏమీ లేవు సార్, అంతా బాగానే ఉంది" అంది. రెండు వారాల తరువాత నా గదికి వచ్చి, తెర మీద చూపే స్లయిడ్లు ఒక్క తరగతిలోనూ తనకు కనిపించడం లేదని చెప్పింది. ఆ రోజు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆమే చెప్పింది: తనకు మార్కులు వేసేవారు, రేపు సిఫార్సు లేఖ రాయవలసినవారు అదే గదిలో ఉన్నారట. ఆ ప్రశ్నను నేను అక్కడే ఆపి ఉండవలసింది. అప్పటి నుంచి పేర్లు లేకుండా రాసిన చీటీలను రెండు రోజుల ముందే సేకరించి, వాటిని నేనే చదువుతున్నాను. ఎవరినీ వారి వర్గానికి ప్రతినిధిగా మాట్లాడమని అడగకూడదన్న నియమాన్ని అధ్యాపకులకు ముందుగానే చెబుతున్నాను.

అపోహ: చెడు ఉద్దేశం లేకపోతే మాట గాయపరచదు.

వాస్తవం: ఉద్దేశం, ప్రభావం రెండు వేర్వేరు విషయాలు. "నా ఉద్దేశం అది కాదు" అన్న సంజాయిషీ మొదలైతే, నొచ్చుకున్న మనిషే ఎదుటివారిని ఓదార్చవలసి వస్తుంది. క్లుప్తంగా క్షమాపణ చెప్పి, మాటను సరిచేసుకొని, చర్చను ముందుకు సాగనివ్వడం మేలు.

అపోహ: ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

వాస్తవం: ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పైగా పెంచితే జవాబుల నిడివి, మాట్లాడేవారి సంఖ్య పెరుగుతున్నాయని పాఠశాల తరగతులను పరిశీలించిన అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపించారు. బరువైన ప్రశ్నకు ఆ సమయం కూడా చాలదు. నేను రెండు నిమిషాలు రాసుకోనిచ్చి, పక్కవారితో మాట్లాడుకోనిచ్చి, ఆపైనే అందరి ముందూ అడుగుతాను.

అపోహ: ఈ గదిలో మాట ఈ గది దాటదని హామీ ఇస్తే అందరూ మనసు విప్పుతారు.

వాస్తవం: నిలబెట్టుకోలేని హామీ ఇవ్వకూడదు. వేధింపు గురించి తెలిస్తే సంబంధిత విభాగానికి చెప్పవలసిన బాధ్యత చాలాచోట్ల సిబ్బందికి ఉంటుంది. ఏది నా దగ్గరే ఆగుతుందో, ఏది ఆగదో మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పేస్తాను.

అపోహ: మనసు విప్పి మాట్లాడుకున్నాం కనుక పని పూర్తయింది.

వాస్తవం: చర్య లేని చర్చ ఒకసారి జరిగితే, రెండోసారి పిలిచినా ఎవరూ రారు. సమస్య, బాధ్యులు, గడువు అనే మూడు గడుల కాగితం నింపకుండా నేను ఏ సమావేశాన్నీ ముగించను. ఆ విద్యార్థిని అనుమతి తీసుకొని, పేరు చెప్పకుండా స్లయిడ్ల విషయం విభాగం ముందు పెట్టాను. తరగతికి ముందురోజు సాయంత్రానికల్లా స్లయిడ్లను విద్యార్థులందరికీ పంపాలని వారు నిర్ణయించారు. అందరికీ పంపడం వల్ల, ప్రత్యేకంగా అడగవలసిన అవసరం ఆమెకు తప్పింది. తరువాతి చర్చకు ఆమె వచ్చింది. ఈసారి ఎవరూ అడగకముందే, ప్రయోగశాల మాన్యువల్‌లో అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని చెప్పింది.