పరుగు మూడు సెకన్లే

మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక సాయంత్రం అయిదేళ్ళ పిల్లవాడు ఆడుకుంటుంటే కాసేపు నిలబడి చూశాను. ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి ఒక్క ఉదుటున పరుగెత్తాడు, ఆగాడు, గొంతుక్కూర్చుని చీమల బారును చూశాడు, లేచి రెండు గంతులు వేశాడు, స్కూటరు అద్దంలో నాలుక చాపి చూసుకున్నాడు, అంతలోనే మళ్ళీ పరుగు. "ఒక్కచోట నిలకడ లేదండీ వీడికి" అన్నారు కుర్చీ వేసుకుని కూర్చున్న తాతగారు. ఈ విషయంలో శాస్త్రం మనవడి పక్షానే ఉంది.

అమెరికాలో ఆరు నుంచి పదేళ్ళ వయసున్న పిల్లలను క్షణక్షణం గమనించి 1995లో ప్రచురించిన ఒక పరిశీలనలో, వారి తీవ్రమైన కదలికల్లో సగం మూడు సెకన్లకు మించలేదని, నూటికి 95 పదిహేను సెకన్లలోపే ముగిశాయని తేలింది. చిన్నపిల్లల కండరాలు ఆక్సిజన్ సాయంతో శక్తిని తయారుచేసుకునే మార్గం మీద పెద్దల కంటే ఎక్కువగా ఆధారపడతాయి. తీవ్రంగా శ్రమించినప్పుడు కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అనే పదార్థం తక్కువగా చేరుతుంది కనుక, ఒక పరుగు తరువాత అవి చాలా త్వరగా తేరుకుంటాయి. అదే బిడ్డను పార్కులో మన వెంట ఏకధాటిగా నడిపిస్తే మాత్రం పావుగంటకే "ఎత్తుకో" అని చేతులు చాస్తుంది. అది ఒట్టి మారాం కాదు. అదే వేగంతో నడవడానికి పొట్టి కాళ్ళకు, కిలో బరువు లెక్కన చూస్తే, పెద్దల కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

అందువల్ల పిల్లలకు వ్యాయామం అనగానే మనం ఊహించుకునే వాకింగు ట్రాకు, కవాతు, గంటకింత అని రుసుము కట్టే శిక్షణ శిబిరం ఈ వయసుకు అంతగా అతకవని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాలు మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఒగర్పు వచ్చేంత చురుకుగా సాగాలని చెబుతున్నాయి. మూడు గంటలా అని గాభరా పడనక్కరలేదు. అది రోజంతా విడివిడిగా కూడుకునే లెక్క. బిడ్డను కుర్చీలోనో తోపుడుబండిలోనో కట్టిపడేసినట్లు ఒక దఫాలో గంటకు మించి కూర్చోబెట్టవద్దన్న సూచనను మాత్రం మనం అంతగా పట్టించుకోవడం లేదు.

పాత ఆటలను ఈ దృష్టితో చూస్తే ముచ్చటేస్తుంది. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కకుండా, ఒంటికాలి మీద కుంటుతూ, అదే కాలితో బిళ్ళను పక్క గడిలోకి నెట్టాలి. దిగిన ప్రతిసారీ శరీరం బరువుకు కొన్ని రెట్ల తాకిడి ఆ ఒక్క కాలి ఎముక మీద పడుతుంది, ఆ తాకిడికి స్పందించే ఎముక గట్టిపడుతుంది. అమెరికాలోని ఆరెగాన్‌లో కొందరు బడిపిల్లల చేత రెండడుగుల ఎత్తున్న పెట్టె మీది నుంచి విడతకు వంద చొప్పున, వారానికి మూడుసార్లు, ఏడు నెలలపాటు దూకించారు. ఒళ్ళు విరుచుకునే వ్యాయామాలు మాత్రమే చేసిన తోటివారితో పోలిస్తే వీరి తుంటి, నడుము ఎముకల్లో ఖనిజం ఎక్కువగా పెరిగింది.

ఒప్పులకుప్పది మరో విద్య. చేతులు పట్టుకుని గిర్రున తిరిగి చటుక్కున ఆగినప్పుడు లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికల్లో ద్రవం ఇంకా కదులుతూనే ఉంటుంది. కన్ను "ఆగావు" అంటుంది, చెవి "తిరుగుతున్నావు" అంటుంది. ఆ పేచీని తీర్చుకుంటూ తూలి, పడి, నవ్వి లేచే పిల్లల మెదడుకు తూకం నిలుపుకోవడం అభ్యాసమవుతుంది.

సెల్లారులో ఇవన్నీ ఆడవచ్చు, ఒక్క వెలుతురు తప్ప. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ మరో 40 నిమిషాల ఆరుబయటి సమయం ఇచ్చారు. మూడేళ్ళు గడిచేసరికి ఆ బడుల్లో 30.4 శాతం పిల్లలకు, మిగిలిన బడుల్లో 39.5 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించడం) వచ్చినట్లు 2015లో వెల్లడించారు. ఆరుబయటి వెలుగుకు కంటి వెనుక పొర అయిన రెటీనాలో డోపమిన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందన్నది దీనికి ఎక్కువమంది అంగీకరించే వివరణ.

అయితే ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఈ సలహాను గుడ్డిగా అమలు చేయకూడదు. పిల్లల శరీరానికి బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ, చెమట తక్కువ. పరిసరాలు ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ చర్మమే వేడిని లోపలికి పీలుస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఎండ వాలాక గేటు బయటికో మేడ మీదికో తీసుకువెళ్ళి, పిట్టగోడ ఎత్తు ఒకసారి చూసుకుని, మంచినీళ్ళ సీసా పక్కన పెట్టి, సుద్దముక్కతో నాలుగు గళ్ళు గీసి ఇస్తే చాలు. మొదటి కుంటు తాతగారు కుంటితే మరీ మంచిది, మోకాళ్ళు సహకరిస్తేనే సుమా.