బండి కదిలాక మొదలైన పని

చిరంజీవులైన పెద్దోడికీ చిన్నదానికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ అమ్మమ్మా కులాసా. మిషిగన్‌లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. గరాజులో చిన్న హీటరు పెట్టుకుని పని చేసుకుంటున్నాను.

పోయిన వారం ఫోనులో పెద్దోడు అడిగాడు, "తాతయ్యా, బండి నిరుడే నడిచిందిగా, మళ్లీ ఎందుకు విప్పేశావు?" అని. చెప్పబోయేలోగా మీ స్కూలు బస్సొచ్చేసింది. ఆ ప్రశ్న ఆ రోజు నుంచీ నాతోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మీ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం చూశారు కదా. కంపెనీ నుంచి ఇంజను, చాసీ వస్తాయి. మనవాళ్లు దానికి క్యాబిన్, తొట్టి కట్టి, బొమ్మలేసి పంపిస్తారు. నేను కట్టుకుంటున్న బండిని హాట్ రాడ్ అంటారు. అది దీనికి తలకిందులు. కంపెనీ పూర్తిగా కట్టి అమ్మిన పాత బండిని ఊడదీసి, అక్కర్లేని బరువు తీసేసి, ఇంకా బలమైన ఇంజను పెట్టి, నేలకి దగ్గరగా దించి మళ్లీ కట్టుకోవడం. ఇది కాలిఫోర్నియా కుర్రాళ్ల దగ్గర పుట్టిన విద్య. మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద మైళ్ల కొద్దీ చదునైన నేల ఉంటుంది. అక్కడికి పాత ఫోర్డులు తోలుకెళ్లి ఎవరి బండి ఎంత వేగం పోతుందో చూసుకునేవాళ్లు. ఆ వేగాలు పద్ధతిగా కొలిచి రాసిపెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ కూడా పెట్టుకున్నారు. డబ్బున్నవాళ్లేం కాదు. చేతిలో ఉన్న పాత బండినే బాగుచేసుకున్నారు. నాకు ఈ పని మీద ప్రేమ కలగడానికి అదే కారణం.

నా బండి 1931 ఫోర్డ్ మోడల్ ఎ పికప్. మోడల్ ఎ బళ్లు ఫోర్డు 48 లక్షలకు పైగా తయారుచేసింది కాబట్టి విడిభాగాలకి ఇప్పటికీ కొరత లేదు. దాని సొంత ఇంజను నాలుగు సిలిండర్లది, 40 హార్స్‌పవర్. నేను దాన్ని దించేసి 1951 నాటి ఫోర్డ్ వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, పెట్టాను. అది 100 హార్స్‌పవర్. ఒక్కసారిగా రెండున్నర రెట్లు! అంత బలం తట్టుకునేలా ఆ చాసీని కట్టలేదు. దాని పట్టాలు పలచటి రేకుతో ఇంగ్లీషు సి అక్షరంలా వంచినవి. గట్టిగా లాగితే మెలితిరుగుతాయి. అందుకని ఆ సి నోరు మూసేలా లోపల రేకు పెట్టి వెల్డింగు చేసి పెట్టెలా మార్చాలి. ఒకే గీతగా వెల్డింగు లాక్కుపోతే వేడికి పట్టా వంకరపోతుంది. ఇక్కడ ఒక అంగుళం, అక్కడ ఒక అంగుళం, చల్లారాక ఇంకో అంగుళం. ప్రతి పూటా మూల నుంచి మూలకి టేపుతో రెండు కర్ణాలూ కొలిచేవాణ్ణి. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి తాడు పట్టి చూస్తాడే, అదే లెక్క. రెండూ సమానంగా ఉంటేనే చాసీ సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఇది కాస్త ఎక్కువ రాస్తాను, జాగ్రత్తగా చదవండి.

మోడల్ ఎ బ్రేకులు కడ్డీలతో లాగేవి. ఫోర్డు కార్లకి ఆయిల్ బ్రేకులు 1939లో గానీ రాలేదు. పాత బళ్లు కట్టుకునేవాళ్లు ఆ తర్వాతి ఫోర్డుల బ్రేకు డ్రమ్ములు తెచ్చి వేసుకుంటారు. నేనూ అలాగే వేశాను. కానీ పెడలు తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌కి ఆనాడు ఒకటే గది. ఏ చక్రం దగ్గర ఆయిల్ కారినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. అందుకని ఈ కాలపు రెండు గదుల సిలిండర్ కొని ఫుట్‌బోర్డు కింద బిగించాను. ముందుకి ఒక గది, వెనక్కి ఒక గది.

అంతా బిగించాక పెడలు తొక్కితే మొదటిసారి నేలదాకా పోయింది. వెంటనే రెండోసారి తొక్కితే గట్టిగా నిలబడింది. గొట్టాల్లో గాలి ఉందనుకున్నాను. అమ్మమ్మని సీట్లో కూర్చోబెట్టి "తొక్కు, పట్టుకో, వదులు" అంటూ మూడు ఆదివారాలు గాలి తీశాను. పాపం మోకాళ్లు నొప్పులు పెట్టినా ఒక్కమాట అనలేదు. అయినా అంతే. ఒక రాత్రి పడుకుని ఆలోచిస్తుంటే తట్టింది. సిలిండర్ ఫుట్‌బోర్డు కింద ఉంది, చక్రాల దగ్గరి భాగాలు దానికంటే ఎత్తులో ఉన్నాయి. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆయిలూ అంతే. కాలు తీయగానే మెల్లగా వెనక్కి జారి సిలిండర్ డబ్బాలోకి పోతోంది. మొదటి తొక్కుడంతా ఆ ఖాళీ నింపడానికే సరిపోతోంది. దీనికి మందు బొటనవేలంత ఇత్తడి వాల్వు. ఆయిల్‌ని పూర్తిగా వెనక్కి పోనివ్వకుండా గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. టైరుకి గాలి 30 కొట్టమంటాం చూడండి, ఆ కొలతలో డ్రమ్ము బ్రేకులకి 10, డిస్కు బ్రేకులకి 2. తారుమారు చేసి డిస్కులకి 10 ది వేస్తే బ్రేకు వదలక రాసుకుంటూ కాలిపోతుంది. రెండు గొట్టాలకీ 10 వాల్వులు వేశాను. అమ్మమ్మ పెడలు తొక్కి, "ఇదిగో, ఆగింది" అంది. ఆ మాట నాకు ఇంజను మొదటిసారి మోగినప్పటి చప్పుడు కంటే బాగుంది.

నిరుడు బండి నడిచిందన్నావే, అది అప్పుడే. రంగు లేదు, రేకు మీద బూడిదరంగు ప్రైమరు మాత్రమే. అది బద్ధకం కాదు. ఇంట్లో కట్టుకునేవాళ్లు ముందు అలాగే తిప్పుతారు. రంగేశాక తప్పు బయటపడితే దిద్దడానికి చెయ్యి రాదు. గీత పడుతుందని భయం. నేను 800 మైళ్లు తిప్పాను, కనిపించిన ప్రతి లోపమూ నోటుపుస్తకంలో రాసుకున్నాను. 41 తేలాయి. ఎక్కువ చిన్నవే: తలుపు గడగడ, హారన్ తీగ ఒరుసుకోవడం లాంటివి. రెండు మాత్రం పెద్దవి.

ఒకటి, గంటకి 45 మైళ్ల దగ్గర గుంట తగిలితే ముందు చక్రాలు గజగజ వణికాయి. చిన్నదీ, నీ సైకిలు ముందు ఫోర్కు చూడు, నిటారుగా ఉండదు, పైభాగం నీ వైపు వాలి ఉంటుంది. ఆ వాలు సాయం వల్ల చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోతుంది. (వదలకు, ఊరికే చెబుతున్నా.) బండి ముందు ఇరుసుకీ అలాంటి వాలు కావాలి. ఆరు డిగ్రీలుండాల్సింది నా బండికి మూడే ఉంది. ఇరుసుని వెనక నుంచి పట్టుకునే కడ్డీల బిగింపుని కొంచెం కిందికి దించితే ఇరుసు తల వెనక్కి వాలింది. వణుకు పోయింది.

రెండోది వేడి. ఈ పాత వి8లో పొగ బయటికి వెళ్లే దారులు ఇంజను దిమ్మ గుండానే పోతాయి. పక్కకి నాలుగు సిలిండర్లుంటే పొగ దారులు మూడే, మధ్యలో రెండిటికీ కలిపి ఒకటి. ఆ వేడంతా చుట్టూ ఉన్న నీళ్లకే ఎక్కుతుంది. పెద్ద రేడియేటర్ వేసినా లాభం లేకపోయింది. చివరికి ఇంజను దించి నీటిదారుల్లో తీగతో కెలికితే తుప్పుతో పాటు ఇసుక వచ్చింది. అన్నం గిన్నెడు! పోత పోసేటప్పుడు లోపల ఖాళీల కోసం పెట్టిన అచ్చు ఇసుక, డెబ్బై ఏళ్లకు పైగా అక్కడే గడ్డకట్టి ఉంది. ఆ గిన్నె పారబోయలేదు, మీకు చూపించాలని అలమరలో దాచాను.

అందుకే విప్పాను, పెద్దోడా. ఇప్పుడు క్యాబిన్ బల్ల మీద ఉంది. కుడివైపు అడుగుమూల తుప్పు తినేసింది. కుళ్లిన చోటు కోసేశాను. అట్టముక్కతో కొలత తీసి, 18 గేజి రేకు అదే వంపుకి తట్టాను. దాన్ని చుక్కలు చుక్కలుగా అతుకుతున్నాను. చుక్క పెట్టాక వేలు ఆనించగలిగేంత చల్లారే దాకా ఆగాలి. కాలిన రేకు ఉబ్బబోతుంది, చుట్టూ ఉన్న చల్లటి రేకు ఉబ్బనివ్వదు, చల్లారేటప్పుడు ముడుచుకుపోతుంది. ఆ ముడుతని విప్పడానికి వెనక ఇనుప దిమ్మ ఆనించి ముందు నుంచి సుత్తితో తట్టాలి. గట్టిగా కాదు. సుత్తి టింగుమంటే కింద దిమ్మ ఆనినట్టు, బొద్దుగా మోగితే ఖాళీలో కొట్టినట్టు. కంటికంటే అరచెయ్యి బాగా చెబుతుంది. కళ్లు మూసుకుని రేకు మీద చెయ్యి నిమిరితే కంటికి ఆనని మిట్టపల్లాలు తెలుస్తాయి. లప్పం దట్టంగా పూసి కప్పేయొచ్చు, చాలామంది అదే చేస్తారు. నాకు అది నచ్చదు. రెండు చలికాలాలు పోయాక లప్పం పగిలి తుప్పు మళ్లీ మొలుస్తుంది.

ఇవాళ పొద్దుట్నుంచి నాలుగు అంగుళాలు అతికాను. వేసవి సెలవులకి మీరొచ్చేసరికి రేకుపని అయిపోతుంది. తొట్టిలో వేయడానికి ఓకు చెక్కలు కోసి ఆరబెట్టాను. పెద్దోడు నాతోపాటు వాటికి నూనె పట్టించాలి. బ్రేకు పెడలు తొక్కే ఉద్యోగం ఇక చిన్నదానిది, అమ్మమ్మ రాజీనామా ఇచ్చేసింది. ఆగస్టులో మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ రోడ్డు నిండా ఇలాంటి పాత బళ్లు తిరుగుతాయి. ఈ ఏడు మన బండీ అక్కడుండాలని నా కోరిక.

రంగొక్కటే తేలలేదు. అమ్మమ్మ వంకాయ రంగంటుంది, నేను ముదురు ఆకుపచ్చ అంటున్నాను. మీ ఇద్దరూ మాట్లాడుకుని ఏదో ఒకటి ఖాయం చేసి రాయండి. వచ్చే నెలలోగా డబ్బా కొనాలి.

ఇట్లు,
మీ తాతయ్య