బొమ్మలో ఖాళీగా ఉన్న చోటు ఎవరిది?

2027 పుష్కరాలు దగ్గరపడుతున్న కొద్దీ రాజమండ్రిలో ఘాట్ల గొడవ మళ్లీ మొదలైంది. దాంతోపాటే 19వ శతాబ్దం నాటి గోదావరి రేవు పెన్సిల్ బొమ్మ ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. మెట్లు నదిలోకి ఇంకా జరపాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ దాన్నే సాక్ష్యంగా చూపిస్తున్నారు.

రాజమండ్రి అంటే నన్నయ, రాజరాజ నరేంద్రుల సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఈ తగాదాకు మూలం ధవళేశ్వరంలో ఉంది.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. దానివల్ల దిగువన పారిన కాలవల గురించీ, పండిన వరి గురించీ ఎంతైనా చెప్పుకుంటాం. ఎగువన ఏమైందో మాత్రం పట్టించుకోం. 12 అడుగుల కట్ట అడ్డం రావడంతో నీళ్లు వెనక్కి ఎక్కి నిలబడ్డాయి. కాస్త పైనే ఉన్న రాజమండ్రి రేవుల తీరే మారిపోయింది.

బొమ్మను పెద్దది చేసి చూడండి. కింది సగం దాదాపు ఉత్త కాగితమే. ఒక పడవ పక్కకు ఒరిగి ఉంది. బిందె ఎత్తుకున్న ఆవిడ ఇంకా సగం దూరంలోనే ఉంది. నీళ్లు ఎక్కడో రెండు సన్నటి గీతలు. ఆ ఖాళీ అంతా ఇసుకే. ఇది ఆనకట్టకు ముందటి వేసవి అని నా నమ్మకం.

'చూశారా, ఒడ్డు అంతదూరం ఉండేది' అంటారు మెట్లు జరపాలనేవాళ్లు. ఘాట్‌లో చోటు చాలదని చెప్పడానికి 2015 జులై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటను గుర్తుచేస్తారు.

పడవవాళ్ల మాట వేరు. బొమ్మలో ఉన్నది ఒడ్డు కాదు, ఏటి కడుపు అంటారు. వేసవిలో ఇసుక తేలినా, శ్రావణానికి ఎర్రనీరు వచ్చి కప్పేస్తుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తొక్కిసలాట కూడా ఘాట్‌లోకి వెళ్లే దారి దగ్గరే జరిగింది. దారులు పెంచాల్సింది పోయి నదిని తగ్గిస్తే ఎలా అని అడుగుతున్నారు. పుష్కరాలు 12 రోజులు, ఆ కాంక్రీటు మాత్రం వచ్చే పుష్కరాలదాకా, ఆ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. పడవ లాగి తారు పూయాలన్నా, వల ఆరేయాలన్నా వాలుగా ఉన్న మట్టి ఒడ్డు కావాలి. బొమ్మలో పడవ ఒరిగి ఉన్నది అలాంటి చోటే.