ఆడిస్తున్నారా, చదివిస్తున్నారా? జూన్ నుంచి దసరా దాకా ప్రాథమిక తరగతులపై అపోహలు - వాస్తవాలు

ఏటా జూలై నెలాఖరుకు ఈ మాట తప్పకుండా వినబడుతుంది. "మేడమ్, పిల్లగాడు ఇంటికొచ్చి ఇయ్యాల రాళ్లు ఏరినం, వాన కొలిచినం అంటున్నడు. నోట్‌బుక్ చూస్తే నాలుగు పేజీలు కూడ నిండలే. చదువు చెప్తున్నరా, లేదా?" అలా అడిగేవాళ్లలో ఒకపూట కూలి వదులుకుని బడికి వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు వివరంగా జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. నేను హైదరాబాద్‌లో మూడో తరగతికి చెబుతాను. జూన్ రెండో వారంలో బడి తెరిచింది మొదలు దసరా సెలవుల దాకా తరగతిలో జరిగే పనుల గురించి నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: కృత్యాలంటే ఆటలు. సిలబస్ అయ్యాక టైం మిగిలితే చేయించేవి.

వాస్తవం: చిన్న తరగతుల్లో కృత్యమే పాఠం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే పిల్లలు కృత్యాల ద్వారా, తామే వెతికి తెలుసుకోవడం ద్వారా నేర్చుకోవాలని రాసి ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, వానాకాలంలో మా తరగతి చేసే ఒక పని చెబుతాను.

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా ఒకటి తెస్తాం. పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెడతాం. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొలత తప్పు వస్తుంది. అందుకే ముందు చిన్న రాళ్లు వేసి, అవి మునిగి పైభాగం సమంగా అయ్యేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెడతాం. ఆ గీత నుంచి పైకి స్కేలుతో మిల్లీమీటర్లు గుర్తులు పెట్టిన కాగితం అంటిస్తాం. చెట్టు కిందా, గోడ పక్కనా కాకుండా ఆరుబయట పెట్టాలి. రోజూ ప్రార్థన అవగానే ఇద్దరు వెళ్లి చూసి వస్తారు. చూసేటప్పుడు కళ్లు నీటి మట్టానికి సమానంగా ఉండాలి. నిలబడి పైనుంచి చూసిన పిల్లకు 14 కనిపిస్తే, మోకాళ్ల మీద కూర్చుని చూసిన పిల్లవాడికి 12 కనిపిస్తుంది. ఎవరిది సరైనదో వాళ్లే వాదించుకుని తేల్చుకుంటారు. నేను మధ్యలోకి వెళ్లను. కొలత రాసుకున్నాక మళ్లీ సున్నా గీత దాకా నీళ్లు పారబోస్తారు.

ఆ అంకెను గోడ మీది పట్టికలో రాస్తారు. వారం చివర కూడతారు. ఏ రోజు ఎక్కువ పడింది, నిన్నటికి ఇవాళ్టికి తేడా ఎంత అని చూస్తారు. అక్కడితో కూడిక, తీసివేత, కొలత, పట్టిక చదవడం అన్నీ వచ్చేశాయి. "నిన్న రాత్రి పెద్ద వాన పడింది. మా గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లు నిలబడ్డాయి" అని ఎవరో రాస్తారు. అది తెలుగు రాత. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయని అడిగితే పరిసరాల విజ్ఞానం మొదలవుతుంది. నాలా, చెరువు, మూసీ దాకా పిల్లలే వెళ్తారు. లోతట్టు బస్తీల పిల్లలకు ఈ విషయం నాకంటే బాగా తెలుసు.

అప్పుడు 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి చెబుతాను. వేలమంది చనిపోయారనీ, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారనీ అంటే తరగతి మొత్తం చెవులప్పగించి వింటుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1920లో గండిపేట ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తవడం చెబితే, చెరువులు ఎందుకు కట్టారో బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఇదే పని అయిదో తరగతిలో ఇంకాస్త ముందుకు పోతుంది. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మన బడి డాబా ఎన్ని చదరపు మీటర్లు? 20 మిల్లీమీటర్ల వానకు ఎన్ని లీటర్లు వృథాగా పోయాయి? టేపు పట్టుకుని డాబా కొలిచిన పిల్లలకు వైశాల్యం మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.

ఇన్ని పాఠాలకు నోట్‌బుక్‌లో నిండేది నాలుగు పేజీలే. ఆ నాలుగూ పిల్లలు సొంతంగా రాసినవి.

అపోహ: నోట్స్ నిండా రాయిస్తేనే చదువు వస్తుంది.

వాస్తవం: బోర్డు మీదిది చూసి ఎక్కించడం చేతికి అలవాటు చేస్తుంది, అంతే. మూడో తరగతికి వచ్చిన పిల్లల్లో "అమ్మ" అని గబగబా చదివి, "కొమ్మ" దగ్గర ఆగిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. వాళ్లకు "అమ్మ" ఒక బొమ్మలా గుర్తుంది, మ-వత్తు ఇంకా తెలియదు. అలాంటి పిల్లలు పది పేజీల నోట్స్ అందంగా దించేస్తారు, ఇంట్లో అందరూ మురిసిపోతారు. పేజీలు చూసి నమ్మకండి. రాసినదాంట్లో ఒక వాక్యం మీద వేలుపెట్టి, "ఇది చదివి వినిపించు" అని అడగండి.

అపోహ: వేగంగా చదివితే బాగా చదివినట్టే.

వాస్తవం: చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల పునాది కోసం 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అందులో "అర్థం చేసుకుంటూ" అన్న మాటను చాలామంది వదిలేసి, గడియారం పట్టుకుని కూర్చుంటారు. పైగా తెలుగులో "వెళ్లిపోతున్నాడనుకుంటున్నాను" అనేది కూడా ఒక్క పదమే. అందుకే నేను తరగతిలో గడియారం చూడను. కథ చదివాక "కాకి ఎందుకు ఎగిరిపోయింది?" అని అడుగుతాను. జవాబు వస్తే చదివినట్టు, రాకపోతే పలికినట్టు.

అపోహ: మా పాపను వెనకబడ్డ గ్రూపులో వేశారు. ఇక మచ్చ పడ్డట్టే.

వాస్తవం: తొలిమెట్టు (చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) మొదలైనప్పటి నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో పిల్లలకు మొదట చిన్న పరీక్ష పెట్టి, చదవడంలో, లెక్కల్లో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూస్తున్నాం. దాన్నిబట్టి కూర్చోబెట్టి నేర్పిస్తాం. తెలుగులో ఒక గ్రూపులో ఉన్న పిల్ల లెక్కల్లో ఇంకో గ్రూపులో ఉంటుంది. జూలైలో ఉన్న చోట ఆగస్టులో ఉండదు. అందరికీ ఒకే పేజీ తెరిచి చెబితే ముందున్నవాళ్లకు విసుగు, వెనకున్నవాళ్లకు భయం తప్ప ఏం రాదు.

అపోహ: పుల్లలు, గింజలు చిన్నపిల్లలకు. మూడో తరగతికి ఎందుకు? ఎక్కాలు వస్తే చాలదా?

వాస్తవం: "నూట ఐదు" రాయమనండి. 1005 అని రాసే పిల్లలు మీ ఇంట్లోనే ఉండొచ్చు. నూరు అంటే 100, ఐదు అంటే 5, రెండూ పక్కపక్కన పెట్టారు. వాళ్లు ఆలోచించే రాశారు, స్థానం విలువ ఒక్కటే అందలేదు. పది చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక పది, అలాంటి పది కట్టలు కలిపి కడితే ఒక నూరు. ఒక పెద్ద కట్ట, ఐదు విడి పుల్లలు ముందు పెట్టి, "పదుల కట్ట ఏది?" అని అడిగితే, "లేదు మేడమ్" అంటారు. లేని చోట సున్నా వస్తుందని అప్పుడు అర్థమవుతుంది. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం కూడా ఇంతే. కట్ట విప్పి చూసిన పిల్లలు ఆ లెక్క తప్పడం చాలా అరుదు.

ఎక్కాలు వద్దని మాత్రం నేను అనను. 7 ఎనిమిదులు ఎంత అంటే వెంటనే నోటికి రావాలి, లేకపోతే పెద్ద లెక్కల్లో తడబడతారు. ముందు చింతగింజలతో వరుసలు పేర్చి చూడాలి, తర్వాత నోటికి రావాలి. ఈ వరుస తారుమారైతే ఎక్కం పాటలా వస్తుంది కానీ, ఎక్కడ వాడాలో తెలియదు.

అపోహ: ప్రాజెక్టు వర్క్ అంటే మంచి చార్ట్. ఎంత మెరిస్తే అన్ని మార్కులు.

వాస్తవం: ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యలో విడతలుగా జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం, మార్కులు ఒక్క పరీక్షకే రావు. పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు ఉంటాయి. వీటిలో ప్రాజెక్టే ఎక్కువగా పాడవుతోంది. రాత్రి పదింటికి జిరాక్స్ షాపు ముందు తల్లిదండ్రుల క్యూ, రంగు ప్రింటవుట్లు, థర్మకోల్, మెరుపుల కాగితం. వందల రూపాయల ఖర్చు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందులో పిల్లలు చేసింది కింద పేరు రాయడమే. దీనికి బడుల తప్పు కూడా ఉంది. అందంగా ఉన్నవాటినే గోడకు తగిలిస్తే తల్లిదండ్రులు ఇంకేం చేస్తారు?

నేను ఇచ్చే ప్రాజెక్టుకు పైసా ఖర్చు ఉండదు. మీ వీధిలోకి వచ్చే కూరగాయల బండి దగ్గర ఐదు కూరగాయల పేర్లు, ధరలు రాసుకు రావాలి. వాటిలో నేల లోపల పెరిగేవి ఏవి, ఆకులు ఏవి, కాయలు ఏవి? సరుకు బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెచ్చారా, గుడిమల్కాపూర్ నుంచా? పావుకిలో బెండకాయలు 15 రూపాయలైతే కిలో ఎంత? కాగితం నలిగి, చేతిరాత వంకరగా ఉండి, తప్పులు కొట్టేసి ఉంటే నాకు సంతోషం. ఎందుకంటే అది పిల్లలే చేశారు. బండి నడిపే అన్నతో మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలు ధర అడిగి రావడం నా దృష్టిలో లెక్క కంటే పెద్ద విషయం.

అపోహ: ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడకపోతే బడిలో వెనకబడతారు.

వాస్తవం: 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి. ఆ తెలుగు పేజీ ఉన్నది చదవడానికే. మా తరగతిలో ఇంట్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు. ఒక పిల్లవాడు ముందు తన భాషలో లెక్కపెట్టుకుని జవాబు తెలుగులో చెబుతాడు, ఆ తర్వాత ఇంగ్లీషులో. ఆలోచన ఏ భాషలో సాగితే ఆ భాషలో సాగనివ్వండి. ఇంట్లో మీకు బాగా వచ్చిన భాషలో, పొడుగ్గా, వివరంగా మాట్లాడండి. వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, ఈట్, స్లీప్" అంటే పిల్లలకు ఆ మూడు మాటలే వస్తాయి.

అపోహ: బోనాలు, బతుకమ్మ ప్రోగ్రాములతో చదువు పోతోంది.

వాస్తవం: సగం నిజం. ఒక్కరోజు స్టేజీ డ్యాన్స్ కోసం వారాల తరబడి రిహార్సల్స్ చేయిస్తే, అందులోనూ ఎప్పుడూ అదే పదిమంది పిల్లలు ఉంటే, తల్లిదండ్రులు అడగాల్సిందే. తరగతిలో బతుకమ్మ పేర్చడం వేరు. తంగేడు, గునుగు, బంతి, చామంతి వేరుచేయాలి. కింది వరుసకు ఎన్ని పూలు పట్టాయి, పై వరుసకు ఎన్ని తగ్గాయి, ఎందుకు తగ్గాయి? తంగేడు మన రాష్ట్ర పుష్పమని పుస్తకంలో ఉంటుంది కానీ, సిటీలో చాలామంది పిల్లలు చెట్టు మీద చూసి ఉండరు, మార్కెట్లో కట్టలుగానే చూశారు. ఎక్కడ పెరుగుతుందో నానమ్మనో అమ్మమ్మనో అడిగి రమ్మంటే, పుస్తకంలో లేని సమాచారం తెస్తారు.

అపోహ: "రెండు దెబ్బలు వేయండి మేడమ్, మేమేం అనం."

వాస్తవం: విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలనూ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీరు ఒప్పుకున్నా మేం చేయకూడదు. దెబ్బ తిన్న పిల్లలు అర్థం కాలేదని చెప్పడం మానేస్తారు. అప్పుడు ఎక్కడ ఆగిపోయారో మాకు తెలిసే దారి ఉండదు.

అపోహ: దసరా సెలవుల్లో కట్టలకొద్దీ హోంవర్క్ లేకపోతే అంతా మర్చిపోతారు.

వాస్తవం: 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి రెండు గంటలు మించకూడదు. సెలవుల్లో నేను అడిగేది రోజూ పది నిమిషాలు గట్టిగా చదవడం. కథల పుస్తకం, దుకాణం బోర్డు, బస్సు మీది పేరు, ఏదైనా సరే. ఊరికి వెళ్తే అక్కడ చూసినవాటి మీద ఐదు వాక్యాలు. అంతకుమించి ఇవ్వను.

ఎస్ఏ 1, అంటే అర్ధ సంవత్సర పరీక్ష, ఆ ఏడాది క్యాలెండర్‌ను బట్టి దసరాకు ముందో వెనకో వస్తుంది. దాని కోసం సెలవుల్లో ట్యూషన్ పెట్టించాలా అని అడుగుతారు. మూడో తరగతికి అక్కర్లేదు. చదువుతూ ఎక్కడో ఆగిపోతున్నారని మీకు అనిపిస్తే మాత్రం ట్యూషన్ ఫీజు కట్టేముందు క్లాస్ టీచర్‌ను కలవండి. ఏ వత్తు దగ్గర ఆగుతున్నారు, ఏ లెక్క దగ్గర తడబడుతున్నారు అన్నది మా రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. చూపించమని అడగండి, చూపిస్తాం.