చెరువు దాచుకున్న వేడి

డిసెంబరులో పొద్దున ఆరున్నరకి హైదరాబాద్‌లోని దుర్గం చెరువు ఒడ్డున చెప్పులు విడిచి రాతి మీద కాలు పెడితే ఒళ్ళు జివ్వుమంటుంది. అదే కాలు రెండడుగులు ముందుకేసి నీళ్ళలో పెట్టండి, గోరువెచ్చగా తగుల్తాయి. నీళ్ళ మీద తేలే పలక, అదే పాడిల్ బోర్డు, ఎక్కడానికి మొదటిసారి వెళ్ళిన రోజు నన్ను ముందుగా ఆపేసింది ఈ తేడాయే. రాయీ నీళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ నిన్న కాసింది ఒకటే ఎండ, రాత్రి తగిలింది ఒకటే చలి. మరి ఇదెలా?

కార్తీక మాసంలో తెల్లవారుజామున నదిలో మునిగినవాళ్ళకి సగం సంగతి తెలుసు. నీళ్ళలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, గట్టెక్కాకే పళ్ళు టకటకలాడతాయి.

కిలో నీటిని 1 డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 4,200 జౌళ్ళ శక్తి కావాలి. కిలో గ్రానైటుకి 800 చాలు. తేలిగ్గా వేడెక్కేది తేలిగ్గానే చల్లారుతుంది. పైగా రాయి కదలదు. పగలు ఎండ వేడి దాని పైపొరలోకే ఇంకుతుంది, రాత్రి ఆ పైపొరే ముందు చల్లబడుతుంది. నీళ్ళు అలా కాదు. పైన చల్లబడిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది, కింద ఉన్న వెచ్చటి నీరు పైకొస్తుంది. రాత్రంతా ఈ తిరుగుడు జరుగుతూనే ఉంటుంది. అంటే చెరువు తన లోతులో ఉన్న వేడిని కూడా తెచ్చి పైన ఖర్చు పెడుతుందన్నమాట. ఒక ఘనపు మీటరు నీరు 1 డిగ్రీ చల్లబడితే వచ్చే వేడితో మూడు వేల ఘనపు మీటర్లకి పైగా గాలిని 1 డిగ్రీ వేడెక్కించవచ్చు. పొద్దున్నే నీళ్ళ మీద పొగలా లేచేది కూడా ఈ వేడి చలవే. వెచ్చటి నీటి నుంచి పైకి వచ్చిన ఆవిరి, చల్లటి గాలి తగలగానే సన్నటి తుంపరగా మారి కనిపిస్తుంది.

ఈ తిరుగుడుకి ఒక హద్దు ఉంది. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. అంతకన్నా చల్లబడితే నీరు తేలికై పైనే ఉండిపోతుంది. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పైన గడ్డకట్టినా అడుగున నీళ్ళు ఉండేది అందుకే. హైదరాబాద్ చెరువులు ఆ హద్దు దరిదాపులకి కూడా పోవు.

ఇక బోర్డు సంగతి. నిలబడి పొడుగాటి తెడ్డుతో నడిపే ఈ పలక ఆట హవాయి దీవుల సర్ఫింగ్ నుంచి ప్రపంచానికి పాకింది. దుంగలు కట్టిన తెప్పల మీద సముద్రంలోకి వెళ్ళిన మన కోస్తా మత్స్యకారులకి, థర్మకోల్ పలక మీద కూర్చుని వల వేసే ఇక్కడి జాలర్లకి అందులోని కిటుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న బోర్డు మీద 70 కిలోల మనిషి నిలబడ్డాడనుకుందాం. బోర్డు బరువు ఇంకో 10 కిలోలు. 80 లీటర్ల నీటిని పక్కకి నెడితే చాలు, తేలిపోతుంది. అంత వెడల్పు పలక అందుకోసం మునగాల్సింది నాలుగు సెంటీమీటర్ల లోపే.

గాలి నింపే రకమైతే చలికాలం ఒకటి చూసుకోవాలి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 15 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి కొట్టి ఉంచిన బోర్డు, మర్నాడు 15 డిగ్రీల చలిలో పదమూడున్నర దగ్గర ఉంటుంది. ఎక్కడా పంక్చర్ లేదు, చల్లబడిన గాలి ఒత్తిడి తగ్గిందంతే. కానీ బోర్డు మధ్యలో కాస్త కుంగినట్టు కాళ్ళకి తెలుస్తుంది. ఒడ్డున చల్లబడ్డాక మళ్ళీ పంపు కొట్టుకోవడం మంచిది.

చలికాలం పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కిందే పేరుకుంటుంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. పైన వీచే గాలి కిందికి దిగదు. నగరం పొగ కూడా ఈ మూత కిందే చిక్కుకుంటుంది, అది వేరే బాధ. ఎండెక్కి నేల వేడెక్కేదాకా ఈ నిశ్శబ్దం కొత్తవాళ్ళకి వరం.

అయినా నేను పడ్డాను. నిలబడినప్పుడు మనల్ని నిలబెట్టేవి కళ్ళు, లోచెవి, అరికాళ్ళు. అరికాలి చర్మంలో ఒత్తిడిని పసిగట్టే నాడులు ఉంటాయి. బోర్డు ఇటు ఒరుగుతోందని ముందుగా చెప్పేది అవే. చలికి కాళ్ళు మొద్దుబారితే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. అందుకే ఎక్కేముందు కాళ్ళు గట్టిగా రుద్దుకుని వెచ్చబరుచుకోవాలి, మోకాళ్ళు కాస్త వంచాలి, చూపు కాళ్ళ మీద కాక దూరంగా కేబుల్ బ్రిడ్జి మీద పెట్టాలి.

నీళ్ళలో పడగానే వెచ్చగా అనిపించింది. ఆ వెచ్చదనాన్ని నమ్మకూడదు. చల్లటి గాలికి అలవాటుపడిన చర్మం 20 డిగ్రీల నీటిని కూడా వెచ్చన అంటుంది. ఒంటికి చలీ వేడీ తెలియకుండా ఉండాలంటే నీళ్ళు 34 డిగ్రీల దగ్గర ఉండాలి. నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు వేడిని 25 రెట్లు ఎక్కువగా లాగుతుంది. హాయిగా ఉందని అరగంట ఈదితే ఒళ్ళు లోపల్లోపలే చల్లబడుతుంది. సన్నగా ఉండే పిల్లలు ముందు వణుకుతారు. హిమాలయ సరస్సుల్లాంటి చోట సంగతి ఇంకా వేరు. 15 డిగ్రీల లోపు నీళ్ళలో హఠాత్తుగా పడితే మనిషి తనకి తెలియకుండానే ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ లైఫ్ జాకెట్ ఆ మొదటి నిమిషం కోసమే. మన చెరువుల్లోనూ అది లేకుండా ఎక్కొద్దు. పడ్డా నీళ్ళు నోట్లోకి పోనివ్వకండి, నగరం మురుగు ఎక్కడెక్కడ కలుస్తుందో తెలియదు.

అసలు చలి బోర్డు మీదికి మళ్ళీ ఎక్కాక మొదలైంది. తడి టీషర్టు, పైన గాలి. మట్టికుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ కుండ మన ఒళ్ళే. టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్ల నీరు ఆవిరి కావడానికి సుమారు 2,40,000 జౌళ్ళు కావాలి. అదంతా ఒంటి నుంచే పోతే 70 కిలోల మనిషి దాదాపు 1 డిగ్రీ చల్లబడతాడు. నూలు బట్ట ఇంతకు కొన్ని రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. నీటిని పీల్చని సింథటిక్ బట్ట, పైన గాలి ఆపే పల్చటి జాకెట్, ఒడ్డున సంచిలో పొడి తువ్వాలు ఉంటే చాలు. ఆ రోజు నా దగ్గర మూడూ లేవు.

తొమ్మిదింటికి ఎండ గట్టిపడింది, గాలి లేచింది, అద్దం చెదిరింది. వణుకుతూ గట్టెక్కి, పొద్దున కాలు పెట్టలేకపోయిన రాతి మీదే కూర్చున్నాను. అది అప్పుడే వెచ్చబడింది. చెరువు నీళ్ళు మాత్రం పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. టీషర్టు విప్పి పిండి, ఆ రాతి మీదే ఆరేశాను.